నూట పన్నెండో చెట్టు

ఏప్రిల్ వచ్చిందంటే ఊరు ఊరంతా పట్టాలూ తిండి డబ్బాలూ చంకనపెట్టుకుని పూలు చూడ్డానికి పార్కుల దారి పడుతుంది. చిజురుకి మాత్రం ఆ పది రోజులూ తిన్నది ఒంటపట్టదు. పూలు ఎంత విరగబూస్తే ఆమెకి అంత భయం. ఒక పువ్వు బరువెంతని? ఏమీ లేదు. కాని లక్షల పూలు, వాటి నిండా వాన నీళ్ళు, ఆ కొమ్మల కింద నవ్వుకుంటూ తింటున్న పిల్లాపాపా. ఆ కొమ్మలు విరగవు, ఆ మాను పడదు అని పూచీ పడే ఉద్యోగం ఆమెది.

చిజురు కువబరా చెట్ల డాక్టరు. యాభై మూడేళ్ళు. హనెకావ పార్కులో ఉన్న రెండు వందల నలభై సకురా చెట్లూ, అంటే చెర్రీ పూల చెట్లూ, ఆమె చేతి మీదే ఉన్నాయి. అన్నీ యుద్ధం ముగిసిన కొన్నాళ్ళకి నాటినవి కావడంతో అన్నీ ఒక ఈడువే, అన్నీ కలిసే ముసలివవుతున్నాయి. ఆ జాతి చెట్టుకి డెబ్బై దాటితే పైకి పెళ్ళికూతురిలానే ఉంటుంది గాని, లోపల ఎక్కడ పట్టు వదిలిందో పైవాడికే తెలియాలి. ప్రతి చలికాలం ఆమె చెట్టు చెట్టుకీ తిరిగి, కొయ్య సుత్తితో మాను మీద కొట్టి, చెవి ఆనించి వింటుంది. గట్టి మాను ఖణేల్మంటుంది. పుచ్చిన మాను డొల్లగా పలుకుతుంది. ఈ రెంటికీ మధ్య పలికేవి కొన్ని ఉంటాయి చూశారూ, వాటితోనే వస్తుంది చావు.

ఆమె ఇంటిపేరు కూడా అలాంటిదే దొరికింది. ఉరుము ఉరిమితే మనవాళ్ళు అర్జునా, ఫల్గుణా అనుకున్నట్టు, ఇక్కడి ముసలాళ్ళు "కువబరా, కువబరా" అని గొణుక్కుంటారు. బళ్ళో చదువుకునేప్పటి నుంచీ ఆ పేరు మీద వేళాకోళాలు విని విని ఆమెకి చెవులు కాయలు కాశాయి.

నాలుగేళ్ళ కిందట, అప్పటికి ఆమె చూసే మరో పార్కులో, పరవాలేదని ఆమె రాసిచ్చిన చెట్టు కొమ్మ ఒకటి ఊడి, బెంచీ మీద కూర్చున్న పెద్దాయన మీద పడింది. భుజం ఎముక విరిగింది, ఒక చెవి వినికిడి పోయింది. విచారణలో అనుకోని ప్రమాదమని తేల్చారు. ఆమె పళ్ళు తీసుకుని ఆస్పత్రికి వెళితే, ఆయన కోడలు ఆ బుట్ట అందుకుని, లోపలికి రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. తలుపు దగ్గర అలా చూస్తూ నిలబడే ఉంది. ఆ చూపు చిజురుని ఇవాళ్టికీ వదల్లేదు.

ఆ దెబ్బకి నిరుడు, సరిగ్గా పూలు నిండుగా విచ్చిన ఆదివారం, హనెకావలో ఒక వరుస వరుసంతా తాడు కట్టి మూయించేసింది. కూర్చున్న జనాన్ని లేపించింది. ఏ చెట్టూ పడలేదు. తరవాత అనుమానమున్న దాన్ని నరికి చూస్తే లోపల కొబ్బరిముక్కలా తెల్లగా, గట్టిగా ఉంది. జనం ఉత్తరాలు రాశారు, పేపరులో పడింది. పార్కు సూపరింటెండెంటు నుమతా గేటు దగ్గర నిలబడి రెండు రోజులు వచ్చేపోయే వాళ్ళకి నడుం వంచి క్షమాపణలు చెప్పుకున్నాడు. ఆ తరవాత ఆమెని పిలిచి ఒకటే మాట అన్నాడు.

"మేడమ్, భయం మంచిదే. కాని దాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి రండి."

అదిగో, ఆ మాట చెవిలో ఉండగానే ఈ జనవరిలో నూట పన్నెండో చెట్టు దగ్గరికి వచ్చింది. చెరువు గట్టు మీద, నీళ్ళ వైపు వాలి ఉండే చెట్టు అది. కొడితే ఆ మధ్య రకంగా పలికింది. సన్నటి సూది దించి చూసే మీటరు పెడితే, మానులో మూడో వంతు దాటి డొల్ల అని చూపించింది. సగం దాటితేనే కొట్టెయ్యాలని నిబంధన. చెట్టు మొదట్లో, మట్టికి ఆనుకుని, చెక్కలా ఎండిపోయిన పుట్టగొడుగు ఒకటి అతుక్కుని ఉంది. అది వేళ్ళు పుచ్చాయనడానికి గుర్తు, కనబడితే తవ్వి చూడాలి. నేల గడ్డకట్టి ఉంది, పొద్దు వాలిపోతోంది. పాతదేలే అనుకుంది. చెట్టు కాగితం మీద "పరవాలేదు, గమనిస్తూ ఉండాలి" అని రాసి సంతకం పెట్టింది.

ఆ రాత్రే అనుమానం పుట్టింది. కాని అనుమానానికి తాళం వేసింది.

*

ఏప్రిల్లో ఆ శనివారం, రెండు రోజుల వాన తరవాత తెరిపిచ్చింది. పొద్దున్నుంచీ జనం తిరునాళ్ళలా కమ్ముకున్నారు. మధ్యాహ్నం పన్నెండున్నరప్పుడు చిజురు చెరువు గట్టున నడుస్తూ నూట పన్నెండో చెట్టు దగ్గర ఆగింది.

ముందు ఆమె కంటపడింది కాగితం దీపాల తీగ. పక్కనున్న స్తంభం నుంచి ఈ చెట్టుకి కట్టింది. పూల పండగ ముందు కట్టినప్పుడు అది ఉయ్యాల్లా వేలాడుతూ ఉండేది. ఇప్పుడు వీణ తీగలా బిగిసి ఉంది.

అంటే చెట్టు నీళ్ళ వైపు ఇంకా ఒరిగింది.

చెట్టు వెనక్కి, దారి వైపుకి వెళ్ళి వంగి చూసింది. పచ్చిక మధ్య ఒక నెర్ర. వేలెడు వెడల్పు, బారెడు పొడవు. ఎండకి విచ్చిన నెర్ర కాదు. నిన్నటిదాకా వాన కురిసిన నేల మరి. మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు వేళ్ళు ఆ నెర్రలోకి పెట్టింది. చల్లటి బురద. అప్పుడే చెరువు మీంచి గాలి విసురుగా వచ్చింది. నెర్ర విచ్చుకుంది. గాలి ఆగింది. నెర్ర మూసుకుంటూ ఆమె వేళ్ళని నొక్కింది.

నేల కొరికినట్టే అనిపించింది. చెయ్యి లాక్కుని అలాగే కూలబడింది. చెట్టు వేళ్ళతో సహా లేచి మళ్ళీ కూర్చుంటోంది.

చెట్టుకి అవతల, గట్టు వాలులో, సరిగ్గా ఆ వాలిన కొమ్మల కింద, పద్దెనిమిది మంది ముసలాళ్ళు నీలం పట్టాల మీద బారులు తీరి కూర్చున్నారు. చెప్పులన్నీ పట్టా అంచున వరసగా పెట్టి ఉన్నాయి. మధ్యలో చేపముక్కల డబ్బాలు, సాకే సారా సీసాలు. కొమ్మకి ఒక గుడ్డ కట్టారు: అయిదో బస్సు డిపో పాత డ్రైవర్ల సంఘం. చెట్టు మొదట్లో ఒక నవ్వుతున్న ముసలాయన ఫొటో ఆనించి, దాని ముందు చిన్న గిన్నెలో సాకే పోసి పెట్టారు. నీళ్ళ మీద అద్దె పడవల్లో జంటలు కొమ్మల కిందికి దూరి ఫొటోలు దిగుతున్నాయి.

చిజురు లేచింది. నిరుటి ఆదివారం కళ్ళ ముందు కదిలింది. మళ్ళీ తప్పయితే? కాళ్ళు ముందుకి పడలేదు. నిజమైతే? అప్పుడు పడ్డాయి.

"అయ్యా, నేను పార్కు చెట్ల డాక్టర్ని. దయచేసి అందరూ ఇక్కణ్ణించి లేవాలి. ఇప్పుడే."

పెద్ద పొట్టా పెద్ద గొంతూ ఉన్న ఒకాయన తలెత్తి చూశాడు. సంఘం పెద్ద అతను, తొకుమారు. డెబ్బై నాలుగేళ్ళు.

"లేవడమా? పొద్దున ఆరింటికొచ్చి పట్టా పరిచాను తల్లీ. ఆరింటికి! నా మోకాళ్ళు నీవి కావుగా. కూచో, ఒక గుక్క తాగు, నువ్వే లేవలేవు."

అంతా నవ్వారు. పక్కనున్న బక్కపల్చటాయన ఆమె చొక్కా మీది పేరు బిళ్ళ కళ్ళు చికిలించి చదివాడు. "ఒరేయ్ తొకుమారూ, కువబరా అట! నిరుడు తాళ్ళు కట్టి అల్లరి చేసిందావిడే. పేపర్లో వేశారు చూడు!"

"ఓరి నీ! కువబరా, కువబరా!" అని ఇంకెవరో రెండు చేతులూ జోడించాడు. నవ్వులు చెరువు అవతలికి వినబడ్డాయి.

చిజురు ఒక అడుగు వెనక్కి కూడా వేసింది. వెళ్ళిపోవచ్చు. వెళ్ళి నుమతాకి ఫోన్ చేస్తే ఆయనే చూసుకుంటాడు. ఆయన వచ్చేదాకా పావుగంట. ఆ పావుగంటలో ఒక్క విసురు గాలి చాలు.

పైన కొమ్మలు గలగలమన్నాయి. పూరేకులు జలజలా రాలి డబ్బాల్లో పడ్డాయి. "ఆహా!" అన్నారు ముసలాళ్ళు. చిజురు వెనక్కి వేసిన అడుగు మళ్ళీ ముందుకి వేసింది.

"తొకుమారు గారూ, మీరు బస్సు నడిపారు కదా?"

"ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఒక్క కోడిపిల్లని తొక్కలేదు."

"ఒకరోజు పొద్దున బ్రేకు తొక్కితే, రోజూ కంటే వేలెడు కిందికి దిగిందనుకోండి. బండి ఆగుతోంది. కాని దిగింది. జనాన్ని ఎక్కించుకుంటారా?"

"ఎందుకెక్కించుకుంటాను? డిపోకి తిప్పుతాను."

"జనం తిడతారు."

"తిట్టుకోనీ. తిట్లు..." అంటూనే ఆగిపోయాడు. ఆమె ముఖంలోకి మొదటిసారి సరిగ్గా చూశాడు. నవ్వు తగ్గింది. "ఎక్కడ దిగింది బ్రేకు?"

"ఇటు రండి."

మూలుగుతూ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా, మేజోళ్ళతోనే వెనక్కి వచ్చాడు. ఆమె చూపించిన చోట వంగి, లావుపాటి వేళ్ళు నెర్రలో పెట్టాడు. ఇద్దరూ గాలి కోసం ఎదురు చూశారు. గాలి రాకూడదని కోరుకుంటూనే ఎదురు చూసింది చిజురు. వచ్చింది. నేల లేచింది, కూర్చుంది.

తొకుమారు చెయ్యి తీసుకున్నాడు. తాగిన ఎరుపంతా ముఖంలోంచి దిగిపోయింది. నిటారుగా నిలబడి, వెనక్కి తిరిగి, ముప్ఫై ఎనిమిదేళ్ళ గొంతుతో అరిచాడు.

"చివరి స్టాపు! అందరూ దిగండి! సామాన్లొద్దు, చెప్పులొద్దు! కుడి వైపు నుంచి దిగండి!"

ఆ గొంతులో ఏముందో గాని ఒక్కరూ ఎందుకని అడగలేదు. వరసగా లేచి, ఒకరినొకరు జబ్బ పట్టుకుని, మేజోళ్ళ కాళ్ళతో తడి పచ్చిక మీద నుంచి తారు దారి మీదికి వచ్చేశారు. తొకుమారు పడవల వైపు తిరిగి "ఓయ్, హంస పడవ! నువ్వే! ముద్దులు తరవాత, ముందు పెడలు తొక్కు!" అని గద్దించాడు. రెండు నిమిషాల్లో గట్టు ఖాళీ. చిజురు స్తంభానికీ స్తంభానికీ తాడు చుట్టింది. ముడి మూడుసార్లు జారిపోయింది.

*

ఆమె ఫోన్ అందుకుని నుమతా వచ్చేసరికి ఒంటిగంట. దీపాల తీగకి కరెంటు తీయించాడు, అది మంచి పని. ఆ తరవాత నెర్ర వంక చూసి, జనం వంక చూసి, ఆమెని పక్కకి పిలిచాడు.

"మళ్ళీనా మేడమ్?"

"వేళ్ళు కదులుతున్నాయి సార్. మీరే చూడండి."

చూశాడు. కాని అప్పటికి గాలి పడిపోయింది. నెర్ర నెర్రలానే ఉంది. ఆయన నేల మీద ఉంచిన అరచెయ్యి అలాగే ఉండిపోయింది. ఆమె పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, రావే గాలీ అనుకుంది. రాలేదు. ఆకాశం అద్దంలా ఉంది. చెరువులో పూలనీడ చెదరకుండా నిలిచింది.

"మూడింటిదాకా చూద్దాం," అన్నాడు నుమతా. "నాలుగింటికి పక్క పట్టణం నుంచి యాత్రికుల బస్సులొస్తాయి. ఈ గట్టు మూస్తే వాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టను? మూడింటికి తాడు చెట్టు చుట్టూ మాత్రమే మిగల్చండి."

"ఈ తాడు తగ్గించాలంటే ముందు నన్ను ఉద్యోగం మానిపించండి సార్."

"ఆ మాట నాచేత అనిపించకండి," అన్నాడాయన. కోపంగా కాదు, అలిసిపోయినట్టు.

తాడుకి ఇవతల జనం పెరిగారు. కొందరు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. "ఏమైందట?" "చెట్టు పడుతుందట." "ఎక్కడ పడుతోంది, రాయిలా ఉంటేనూ?" "ఆవిడ నిరుడు కూడా ఇంతే." పాత డ్రైవర్లు దారి పక్కన మేజోళ్ళతో వరసగా నిలబడి ఉన్నారు. గంట దాటింది. చలికి కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నారు. బక్కపల్చటాయన, "నా చెప్పులు అక్కడే ఉన్నాయిరా, చేపముక్కలు కాకుల పాలు," అని సణిగాడు. "నోర్ముయ్," అన్నాడు తొకుమారు. కాని అతనూ ఆమె వంక చూడ్డం తగ్గించాడు.

రెండుంపావు. రెండున్నర. పూలు ఒక్కటీ రాలడం లేదు.

చిజురుకి ఇప్పుడు వేరే భయం పట్టుకుంది. మొదట చెట్టు పడుతుందేమోనని. ఇప్పుడు పడదేమోనని. పడితే బాగుండునన్న ఆలోచన ఎక్కణ్ణించి వచ్చిందో గాని వచ్చి కూర్చుంది. డెబ్బై ఏళ్ళకి పైగా పూచిన చెట్టు, తన మాట నెగ్గడానికి కూలిపోవాలని కోరుకుంటున్నాను అనుకునేసరికి ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఇలాంటి మనిషి చెయ్యి మీదా రెండు వందల నలభై చెట్లు ఉన్నది?

అలా తనలో తను కొట్టుకుంటున్నప్పుడే, తాడు కింద నుంచి ఒక గోధుమరంగు కోటు దూరడం ఆమె చూడలేదు. తొకుమారు కేక విని తల తిప్పింది.

"వదినా! కినుకో వదినా! వెనక్కి రా!"

కినుకోకి డెబ్బై రెండు. ఫొటోలో నవ్వుతున్న ముసలాయన, షిగెజో, ఆమె పెనిమిటి, వీళ్ళ తోటి డ్రైవరు. ఈ చలికాలమే పోయాడు. ముప్ఫై ఏళ్ళుగా ఈ చెట్టు కిందే కూర్చున్నాడని, ఈ ఏడు ఫొటో తెచ్చుకుంది. లేవమన్నప్పుడు అందరితో పాటు లేచి వచ్చింది గాని, అప్పట్నుంచీ ఆమె కళ్ళు ఆ ఫొటో మీదే ఉన్నాయి. గాలి కూడా లేదు కదా, నాలుగడుగులే కదా అనుకుంది.

చిజురు అరవబోయింది. అప్పుడు నేల లోపల్నించి ఒక చప్పుడు వచ్చింది. మంటలో వెదురు కణుపు పేలినట్టు. ఒకటి. ఆగి, ఇంకొకటి.

పరిగెత్తింది. తాడు ఎలా దాటిందో ఆమెకి తెలీదు. కినుకో వంగి ఫొటో అందుకుని, దాని మీది పూరేకులు కొంగుతో తుడిచినట్టు కోటు చేత్తో తుడుస్తోంది. "నిన్ను వదిలేసి ఎలా పోతాను," అంటోంది ఫొటోతో. చిజురు ఆమె కోటు నడికట్టు రెండు చేతులా దొరకబుచ్చుకుని పక్కకి లాగింది. కినుకో బరువైన మనిషి. ఇద్దరూ కలిసి వాలులో పక్కకి పడ్డారు. నెర్ర నోరు తెరిచింది. నల్లటి మట్టి గోడలా పైకి లేచింది. చెట్టు ముందు మెల్లగా, ఏదో ఆలోచిస్తున్నట్టు ఒరిగి, ఆపైన ఒక్కసారిగా పడిపోయింది.

దీపాల తీగ కొరడాలా తెగింది. ఆకాశం తెల్లగా మీద పడింది.

ఆ తరవాత చప్పుడు లేదు. చిజురు కళ్ళు తెరిస్తే అంతా తెలుపు. పూలు కళ్ళలో, నోట్లో, చెవుల్లో. పూల వాసన కాదు, పచ్చి బురద వాసన, పుచ్చు వాసన. వీపు మీద ఒక కొమ్మ అడ్డంగా ఒత్తుకుని ఉంది. ఊపిరి తీస్తే పక్కటెముక పొడుస్తోంది. ఆమె చేతిలో కోటు నడికట్టు ఉంది. కట్టు అవతలి కొస కదలడం లేదు.

"అమ్మా," అంది. "కినుకో గారూ."

జవాబు లేదు.

నాలుగేళ్ళ కిందటి ఆస్పత్రి తలుపు, బుట్ట అందుకుని నిలబడ్డ ఆ కోడలు, చిజురు కళ్ళ ముందుకొచ్చారు. ఆమెకి ఏడుపు కూడా రాలేదు. కట్టుని మెల్లగా లాగింది. "అమ్మా, ఒక్క మాట మాట్లాడండి. తిట్టండి. ఏదో ఒకటి అనండి."

చాలాసేపటికి, అంటే నిజానికి నాలుగైదు క్షణాలకే అయ్యుండాలి, పూల అడుగు నుంచి సన్నటి గొంతు వినబడింది.

"కళ్ళజోడు... నా కళ్ళజోడు ఎక్కడో పడిపోయిందమ్మా. తొక్కకు."

*

బయటికి లాగడానికి అరగంట పట్టింది. కినుకోకి ఎడమ మణికట్టు విరిగింది. చిజురుకి రెండు పక్కటెముకలు బీటలిచ్చాయి. పొద్దున పద్దెనిమిది మంది కూర్చున్న చోట మాను పడుకుని ఉంది. నీలం పట్టా దాని కింద నుంచి నాలుకలా బయటికి వచ్చింది. చేపముక్కల డబ్బాలు అట్టల్లా అణిగిపోయాయి. బక్కపల్చటాయన మాను కింద నలిగిన తన చెప్పుల వైపు చూసి, గట్టు మీదే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

చిజురుని దుప్పటి కప్పి దారి పక్కన కూర్చోబెట్టారు. ఎవరు మొదలుపెట్టారో గాని చప్పట్లు మొదలయ్యాయి. ఇందాక ఫోన్లు ఎత్తి నవ్విన వాళ్ళే కొడుతున్నారు. నుమతా ఆమె ముందుకొచ్చి తల నేలకి తగిలేట్టు వంగాడు. తొకుమారు "ఈ డాక్టరమ్మ మమ్మల్ని పద్దెనిమిది మందినీ బతికించింది!" అని ఊరంతా వినేలా చెబుతున్నాడు.

ఆ చప్పట్లు ఒక్కొక్కటీ ఆమెకి బీటలిచ్చిన ఎముక మీద తగిలినట్టే ఉంది.

"ఆపండి," అంది. ఎవరికీ వినబడలేదు. "ఆపండి! ఈ చెట్టు పరవాలేదని జనవరిలో రాసింది నేనే."

చప్పట్లు ఒక్కొక్కటే ఆగాయి.

"పుట్టగొడుగు చూశాను. తవ్వాలని తెలుసు. తవ్వలేదు. నిరుడు అందరూ నవ్వారని, మళ్ళీ నవ్వుతారని భయపడి తవ్వలేదు. ఇక్కడ మీరు కూర్చోడానికి సంతకం పెట్టింది నేను."

నుమతా ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఇప్పుడెందుకు మేడమ్ ఈ మాటలు? దెబ్బలో ఉన్నారు, రేపు మాట్లాడుకుందాం," అన్నాడు తగ్గు గొంతుతో.

"రేపటికి నాకు ధైర్యం ఉండదు సార్."

అంబులెన్సు మెట్టు మీద కూర్చున్న కినుకో, చేతికి కట్టు కట్టించుకుంటూ, ఇదంతా వింది. ఫొటో అద్దం పగిలిపోయి ఆమె ఒళ్ళో ఉంది. "నీ మీద నాకు కోపం రావాలా?" అని అడిగింది. నిజంగానే అడుగుతున్నట్టు అడిగింది.

"రావాలి."

"వస్తుందేమోలే ఇంటికెళ్ళాక. ఇప్పుడు వణుకే ఉంది." ఫొటో వంక చూసింది. "ఈయనకి పూలంటే పడేది కూడా కాదు. తాగడానికొచ్చేవాడు. దీని కోసం చావబోయాను."

తొకుమారు చిజురు పక్కన చతికిలబడ్డాడు. మేజోళ్ళు బురదలో తడిసి నల్లగా ఉన్నాయి. అందరూ కాస్త చెదిరాక, ఆమెకి మాత్రమే వినబడేలా అన్నాడు.

"డిపోకి తిప్పుతానని నీతో డాబుగా అన్నానే. ఒకసారి తిప్పలేదు. బళ్ళు తక్కువున్న రోజు. నలభై మంది పిల్లలు, బడికి వెళ్ళే పిల్లలు. కొండ దారి. మొత్తం దారి పెదవి కొరుక్కుంటూ పోయాను, నోరంతా నెత్తురు. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు గనక ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడక్కూడా. ఇప్పటికీ కలలో ఆ మలుపు వస్తుంది."

చిజురు అతని చేతిని పట్టుకుంది. ఇద్దరి గోళ్ళ కిందా ఒకే మట్టి ఉంది.

*

ఆమె చెప్పినదంతా కాగితం మీద కూడా రాసిచ్చింది. ఆమెకి మందలింపు ఉత్తరం వచ్చింది, ఉద్యోగం పోలేదు. బయటి నుంచి ఇద్దరు డాక్టర్లని పిలిపించి, గట్టు మీది చెట్లన్నిటికీ మొదట్లో తవ్వించారు. ఇంకో మూడింటికి వేళ్ళు పుచ్చి ఉన్నాయి. వాటిలో ఒకటి ఆమె చెవికి ఖణేల్మన్నదే. ఆ సంగతి తెలిసినప్పుడు ఆమె గొయ్యిలోకి దిగి ఆ వేళ్ళని చేత్తో తడిమి చూసింది. ఇక మీదట ప్రతి చెట్టుకీ ఇద్దరు వేర్వేరుగా చూసి సంతకం పెట్టాలని ఆమే అడిగింది. నుమతా ఒప్పుకున్నాడు. ఆ ఏడు గట్టు మొత్తం మూసేశారు. జనం సణిగారు. సణగనీ అన్నాడు నుమతా, మొదటిసారి.

పడిన చెట్టుకి ఒక వింత జరిగింది. సగం వేళ్ళు ఇంకా నేలలోనే ఉండిపోవడంతో, మిగిలిన మొగ్గలన్నీ పడుకునే విచ్చుకున్నాయి. ఆరు రోజుల పాటు సగం నీళ్ళలో, సగం గట్టు మీద పూస్తూనే ఉంది. తాడు అవతల నుంచి చూడ్డానికి జనం బారులు తీరారు. ఏడో రోజు కోసే వాళ్ళు వస్తారని తెలిసి చిజురు వెళ్ళింది. కినుకో ఆమె కంటే ముందే వచ్చి, చెయ్యి మెడకి వేలాడగట్టుకుని నిలబడి ఉంది.

"కోపం వచ్చిందా?" అని అడిగింది చిజురు.

"మంగళవారం వచ్చింది. రెండు రోజులుంది." కినుకో కొత్త కళ్ళజోడు సర్దుకుంది. "ఇప్పుడు రాత్రి తలుపు చప్పుడైనా లేచి కూచుంటున్నాను. నీకూ అంతేనా?"

"నాకు ఎప్పుడూ అంతేనండీ."

"ఎలా వేగుతావే తల్లీ?"

రంపం మొదలైంది. ఆ మోతకి కినుకో ఉలిక్కిపడి, మంచి చేత్తో చిజురు చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వదల్లేదు. కొమ్మలు ఒక్కొక్కటే లారీకెక్కాయి. పూలతోనే ఎక్కాయి. చివరి దుంగ కూడా ఎక్కాక ఇద్దరూ గేటు వైపు నడిచి, ఒకే బస్సులో ఎక్కి, పక్కపక్కన కూర్చున్నారు.